సర్వర్ ఎక్కడ తీసుకోవాలి: షేర్డ్ హోస్టింగా, వీపీఎస్సా, క్లౌడా, ఇంట్లో పెట్టెనా?

"అన్నా, సైటు కోసం సర్వర్ తీసుకుందామనుకుంటున్నాం, ఏది మంచిది?" అని నెలకు ఇద్దరైనా అడుగుతుంటారు. ర్యామ్ ఎంత, రేటు ఎంత అన్నవి వాళ్లు అప్పటికే చూసుకుని ఉంటారు. నేను మాత్రం ముందు ఒక్కటే అడుగుతాను. ఆదివారం రాత్రి పదకొండింటికి అది ఆగిపోతే లాగిన్ అయి చూసేది ఎవరు? మనిషి పేరు చెప్పండి అంటాను. చాలామంది దగ్గర పేరు ఉండదు. "మా సైటు చేసిపెట్టిన అబ్బాయి ఉన్నాడుగా" అంటారు. ఆ అబ్బాయి ఈపాటికి బెంగళూరులో ఇంకో ఉద్యోగంలో చేరి ఉంటాడు, అతని పనులు అతనికి ఉంటాయి.

షేర్డ్ హోస్టింగ్, వీపీఎస్, పెద్ద క్లౌడ్, డెడికేటెడ్ సర్వర్ అన్నిట్లోనూ లోపల ఉండేది ఎక్కడో ఒక డేటా సెంటర్‌లో ర్యాకుకు బిగించిన కంప్యూటరే. ఏ పనులు వాళ్లు చూసుకుంటారు, ఏవి మన నెత్తిన పడతాయి అన్నదగ్గరే అసలు తేడా. అది తేల్చుకున్నాక రేట్ల పట్టిక తెరిస్తే సగం పేర్లు వాటంతటవే ఎగిరిపోతాయి.

చూసుకునే మనిషి లేకపోతే

ఒకే సర్వర్‌ను చాలా సైట్లు పంచుకునే షేర్డ్ హోస్టింగ్ తీసుకోండి. దాన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు. ఊళ్లో స్కూలు సైటు, పెళ్లి పత్రికలు అచ్చువేసే ప్రెస్సు సైటు, వారానికి రెండు వ్యాసాలు వేసుకునే సాహిత్య పత్రిక, వీటికి ఇంతకు మించి అక్కర్లేదు. ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్లు, పీహెచ్‌పీ (సైటును నడిపే భాష), డేటాబేస్, ఎస్‌ఎస్‌ఎల్ (బ్రౌజర్‌లో తాళం గుర్తు తెచ్చే భద్రత) అన్నీ వాళ్లే చూస్తారు. సీప్యానెల్ అనే నిర్వహణ పేజీలోకి వెళ్లి, సైటు తయారుచేసే వర్డ్‌ప్రెస్ ఎక్కించుకోవడం అరగంట పని. మెయిల్ పెట్టెలు కూడా అందులోనే వస్తాయి. అదేం చిన్న విషయం కాదు. సొంత సర్వర్ మీద మెయిల్ నడపడం ఇవాళ చాలా కష్టం. చాలా క్లౌడ్ కంపెనీలు బయటికి మెయిల్ వెళ్లే 25వ నంబరు పోర్టును (నెట్‌వర్క్ ద్వారాన్ని) ముందే మూసేసి ఇస్తాయి. అది తెరిపించుకున్నా, ఇంటర్నెట్‌లో మన సర్వర్ చిరునామా అయిన ఐపీ అడ్రసుకు మంచి పేరు లేకపోతే మెయిళ్లన్నీ స్పామ్‌లో పడతాయి.

రెండు జాగ్రత్తలు. మొదటి ఏడాది రేటు చూసి మురిసిపోవద్దు, రెన్యువల్ రేటు ఎంతో పక్కనే చిన్న అక్షరాల్లో ఉంటుంది, అదే అసలు రేటు. రెండోది, "అన్‌లిమిటెడ్" అని రాసినచోట ఫైళ్ల సంఖ్యకు ఒక పరిమితి, ఒకేసారి నడిచే ప్రాసెస్‌లకు ఒక పరిమితి ఉంటాయి. కొనేముందే వాటిని అడిగి రాయించుకోండి. పైథాన్‌లోనో నోడ్‌లోనో రాసిన అప్లికేషన్ రోజంతా నడుస్తూ ఉండాలంటే మాత్రం షేర్డ్ హోస్టింగ్‌తో కుదరడం కష్టం.

వీపీఎస్: అసలు లెక్కంతా ర్యామ్‌తోనే

పెద్ద కంప్యూటర్‌ను ముక్కలు చేసి ఒక ముక్క మనకు పూర్తిగా ఇస్తే అది వీపీఎస్, అంటే వర్చువల్ ప్రైవేట్ సర్వర్. రూట్ అధికారం (ఏదైనా మార్చగల పూర్తి అధికారం) మనదే, కాబట్టి బాధ్యతా మనదే. డిజిటల్ ఓషన్, లినోడ్, వల్టర్, హెట్జ్‌నర్ లాంటివన్నీ ఈ కోవలోవి. నెలకు ఇంత అని ముందే తెలియడం వీటి పెద్ద సుగుణం. ఉదాహరణకు డిజిటల్ ఓషన్‌లో 2 జీబీ ర్యామ్, 50 జీబీ డిస్క్, నెలకు 2 టెరాబైట్ల డేటా ఉన్న సర్వర్ 12 డాలర్లు. 18 శాతం జీఎస్టీ కలిపితే మన డబ్బుల్లో సుమారు పన్నెండు, పదమూడు వందలు.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు 1 జీబీతో సరిపెట్టుకోవడం. విజయవాడలో మిత్రుడి కోచింగ్ సెంటర్ మాక్ టెస్టుల సైటు అలాంటి సర్వర్ మీదే నడిచేది. మామూలు రోజుల్లో ఏ ఇబ్బందీ లేదు. ఒక ఆదివారం ఉదయం పదింటికి గ్రాండ్ టెస్టు పెట్టారు. పది దాటి మూడు నిమిషాలకు "డేటాబేస్‌తో కనెక్షన్ కుదరలేదు" అన్న తెల్ల పేజీ. లాగిన్ అయి సిస్టమ్ రాసుకునే కెర్నల్ లాగ్ చూస్తే ఒకటే వాక్యం: ఔట్ ఆఫ్ మెమొరీ, కిల్డ్ ప్రాసెస్, పక్కనే డేటాబేస్ పేరు. మెమొరీ పూర్తిగా అయిపోతే సర్వర్‌ను నడిపే లినక్స్ ఎవరో ఒకరిని బలి ఇస్తుంది. మామూలుగా ఎక్కువ మెమొరీ పట్టిన ప్రాసెస్‌నే ఎంచుకుంటుంది, అది చాలాసార్లు డేటాబేసే అవుతుంది.

కారణం పేజీలు అందించే సాఫ్ట్‌వేర్ అపాచీలో ఉంది. పీహెచ్‌పీని లోపలే నడిపే పాత పద్ధతిలో ఉబుంటు, డెబియన్ అనే లినక్స్ రకాల మీద అది ఒకేసారి 150 మందికి సేవ చేసేలా అమరి వస్తుంది. ఒక్కో ప్రాసెస్ 70 ఎంబీ తింటోంది. 150ని 70తో గుణిస్తే పదిన్నర జీబీ. మన దగ్గర ఉన్నది ఒకటి. 2 జీబీకి మార్చి, సిస్టమ్‌కూ డేటాబేస్‌కూ 700 ఎంబీ వదిలేసి, మిగిలినదాన్ని 70తో భాగిస్తే పద్దెనిమిది పైన వచ్చింది, కాస్త ఎడం ఉంచుకుని ఆ 150ని 16 చేశాం. పదిహేడో పిల్లాడు క్షణం సేపు వరుసలో ఆగుతాడు, కానీ సైటు పడిపోదు. దానికి తోడు 2 జీబీ స్వాప్ ఫైలు (ర్యామ్ చాలనప్పుడు డిస్క్‌లో వాడుకునే చోటు) పెట్టాం. తర్వాతి ఆదివారం అంతమందీ రాశారు.

అందుకే డేటాబేస్ ఉన్న ఏ సైటుకైనా 2 జీబీకి తగ్గవద్దంటాను. 1 జీబీ సర్వర్ ప్రయోగాలకు, వీపీఎన్‌కు (బయటివాళ్లకు తెరుచుకోని ప్రైవేటు దారి), చిన్న బాట్‌లకు బాగుంటుంది.

కొన్నాక మొదటి వారంలోనే చూడాల్సింది ఇంకొకటి ఉంది. "టాప్" కమాండ్ కొడితే సీపీయూ వరుస చివర "ఎస్‌టీ" అని ఒక అంకె కనిపిస్తుంది. మన ప్రాసెసర్ సమయాన్ని పక్క ముక్కలవాళ్లు ఎంత లాక్కుంటున్నారో చెప్పే అంకె అది. సున్నా దగ్గర ఉంటే సంతోషం. రోజూ పదికి పైన కనిపిస్తుంటే ఆ కంపెనీ ఒకే పెట్టెలో ఎక్కువమందిని కుక్కిందన్నమాట. నెల తిరక్కముందే మారిపోండి.

కొనేముందు సపోర్టు వాళ్లను రెండు ప్రశ్నలు అడగండి. బ్రౌజర్లోంచి తెరుచుకునే కన్సోల్ (నెట్‌వర్క్ దారి మూసుకుపోయినా సర్వర్‌ను చూపే తెర) ఉందా? సర్వర్‌కు బయట, మీ ప్యానెల్లోనే ఫైర్‌వాల్ (ఏ పోర్టులు తెరవాలో నిర్ణయించే అడ్డుగోడ) ఉందా? మొదటిది ఎందుకంటే, ఒకసారి నేను కొత్త సర్వర్‌లో ఫైర్‌వాల్ ఆన్ చేశాను, లాగిన్‌కు వాడే 22వ పోర్టును అనుమతించడం మర్చిపోయాను. అప్పటికే ఉన్న సెషన్ నడుస్తూనే ఉంది కాబట్టి తేడా తెలియలేదు. దాన్ని మూసి మళ్లీ లాగిన్ అవబోతే తలుపు పడిపోయింది. ఆ కంపెనీ చవకది, కన్సోల్ లేదు. టికెట్ పెట్టి తొమ్మిది గంటలు కూర్చున్నాను. అప్పటినుంచి ఎస్‌ఎస్‌హెచ్ (దూరంనుంచి లాగిన్ అయ్యే పద్ధతి) మీదో ఫైర్‌వాల్ మీదో చెయ్యి వేస్తే ఉన్న విండో మూయకుండా, రెండో విండోలో లాగిన్ అయి చూశాకే లేస్తాను.

రెండో ప్రశ్న డాకర్ (అప్లికేషన్లను కంటైనర్లనే విడి పెట్టెల్లో నడిపే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లకు మరీ ముఖ్యం. ఉబుంటులోని యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్‌లో పోర్టు మూసే ఉందని మనం అనుకుంటాం. డాకర్ మాత్రం కంటైనర్ పోర్టును బయటికి తెరిచేటప్పుడు నేరుగా లినక్స్ లోపలి ఫైర్‌వాల్ పట్టిక ఐపీ టేబుల్స్‌లో తన నియమాలు రాసేసుకుంటుంది, యూఎఫ్‌డబ్ల్యూ మాట దానికి అడ్డురాదు. పోస్ట్‌గ్రెస్, రెడిస్ లాంటి డేటాబేస్‌లు ఇలాగే లోకమంతటికీ తెరుచుకుపోతాయి. ప్యానెల్లో బయటి ఫైర్‌వాల్ ఉంటే ఈ గొడవ ఉండదు. లేకపోతే పోర్టును 127.0.0.1 కి, అంటే ఆ సర్వర్ లోపలికి మాత్రమే కట్టేయండి.

పెద్ద క్లౌడ్: మీటరు తిరుగుతూనే ఉంటుంది

అమెజాన్, మైక్రోసాఫ్ట్ అజూర్, గూగుల్ క్లౌడ్‌లలో వీపీఎస్ లాంటి యంత్రమే దొరుకుతుంది, కానీ బిల్లు కరెంటు మీటరులా నడుస్తుంది. యంత్రానికి వేరు, డిస్క్‌కు వేరు, బయటికి వెళ్లే డేటాకు వేరు. 2024 ఫిబ్రవరి నుంచి అమెజాన్ ఒక్కో పబ్లిక్ ఐపీవీ4 అడ్రసుకు గంటకు అర సెంటు వసూలు చేస్తోంది. నెలకు మూడున్నర డాలర్ల పైన, ఉత్త చిరునామాకే.

అసలు దెబ్బ డేటా దగ్గర. అమెజాన్ ముంబై రీజియన్‌లో (అక్కడి డేటా సెంటర్లలో) బయటికి వెళ్లే డేటా మొదటి 100 జీబీ ఉచితం, ఆపైన జీబీకి సుమారు 11 సెంట్లు. ఫొటోలు, పీడీఎఫ్‌లు ఎక్కువున్న సైటు నెలకు 1 టెరాబైట్ పంపిందనుకోండి. 900 జీబీకి దాదాపు 98 డాలర్లు. పైన చెప్పిన 12 డాలర్ల వీపీఎస్‌లో 2 టెరాబైట్లు అద్దెలోనే ఉన్నాయి. ఈ ఒక్క లెక్క వేసుకోకుండా క్లౌడ్‌కు వెళ్లినవాళ్లు రెండో నెల బిల్లు చూసి ఫోన్ చేస్తుంటారు.

అమెజాన్ టీ3 లాంటి చవక యంత్రాల్లో ఇంకో సంగతి గమనించాలి. టీ3 స్మాల్‌లో రెండు వర్చువల్ సీపీయూలు అని రాసి ఉంటుంది, కానీ ఒక్కోదాన్నీ నిలకడగా 20 శాతం వరకే వాడుకునే హక్కు ఉంటుంది. ఖాళీగా ఉన్నప్పుడు కూడబెట్టిన క్రెడిట్లతో ఎప్పుడైనా ఎగబాకొచ్చు. అవి అయిపోతే టీ3 మామూలు అమరికలో యంత్రం నెమ్మదించదు, అదనపు బిల్లు మొదలవుతుంది. పగలంతా తీరిగ్గా ఉండి సాయంత్రం రద్దీ అయ్యే సైటుకు ఇది చక్కగా సరిపోతుంది. రోజంతా వీడియోల ఫార్మాట్ మార్చే పనికి పనికిరాదు.

మరి ఎందుకు తీసుకోవాలి? దానికి గట్టి కారణాలే ఉన్నాయి. పదో తరగతి ఫలితాల రోజులా, ఏడాదికి ఒక్కరోజు వందరెట్లు జనం వచ్చి పడే సైటైతే ఆ ఒక్కరోజుకే యంత్రాలు పెంచి సాయంత్రానికి తీసేయొచ్చు. డేటాబేస్‌ను వాళ్లే నడిపి, వాళ్లే బ్యాకప్ తీసి, ఒకటి పడిపోతే ఇంకోదానికి మార్చే సేవ ఉంది, కాస్త ఖరీదైనా నిద్ర పడుతుంది. ఐదారుగురు పనిచేసే చోట ఎవరు ఏది ముట్టుకోవచ్చో విడివిడిగా అధికారాలు ఇవ్వొచ్చు. చెల్లింపుల డేటా దేశంలోనే ఉండాలని రిజర్వు బ్యాంకు 2018లో పెట్టిన నియమం మీకు వర్తిస్తే, ముంబై, హైదరాబాద్, పుణె, ఢిల్లీ, చెన్నై రీజియన్లు ఈ కంపెనీల దగ్గర ఉన్నాయి. ఇవేవీ మీకు అక్కర్లేకపోతే వీపీఎస్‌తో ఆగండి. అమెజాన్‌లోనే కావాలంటే లైట్‌సెయిల్ చూడండి, అది నెలకింత అని ఉండే వీపీఎస్ లాంటిదే. అయితే ముంబైలో తీసుకుంటే డేటా కోటా మిగతా చాలా చోట్ల ఇచ్చేదాంట్లో సగమే ఇస్తారని గుర్తుంచుకోండి.

ఏ క్లౌడ్‌లోనైనా యంత్రం లేపకముందే బడ్జెట్ హెచ్చరిక పెట్టుకోండి. అది బిల్లును ఆపదు, మెయిల్ మాత్రం పంపుతుంది.

ఎంత దూరంలో, ఏ కార్డుతో

ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. అంటే ప్రతి 1,000 కిలోమీటర్ల దూరానికి వెళ్లి రావడానికి 10 మిల్లీసెకన్లు. ఎంత డబ్బు పెట్టినా దీన్ని తగ్గించలేం. హైదరాబాద్ నుంచి ముంబై ఆరేడు వందల కిలోమీటర్లు, జర్మనీ దాదాపు 7,000. కేబుళ్లు సముద్రాల చుట్టూ తిరిగి వెళ్తాయి కాబట్టి అసలు సమయం ఆ లెక్కకు రెట్టింపు దాకా పోతుంది.

హెట్జ్‌నర్ జర్మనీ సర్వర్లలో అదే డబ్బుకు రెట్టింపు ర్యామ్ వస్తుందని చాలామంది అటు వెళ్తారు. రాత్రిపూట నడిచే పనులకు, బ్యాకప్‌కు, డెవలపర్ల పరీక్షలకు నిక్షేపంలా ఉంటుంది. గుంటూరులో, వరంగల్‌లో జనం ఫోన్లలో చూసే సైటుకు మాత్రం ముంబై, బెంగళూరు, హైదరాబాద్‌లలో ఒకటి ఎంచుకోండి, లేదంటే సింగపూర్. చదువరులు సగం ఇక్కడ, సగం డల్లాస్‌లో, న్యూజెర్సీలో ఉన్న తెలుగు పత్రిక అయితే సర్వర్ ఇక్కడే పెట్టి దాని ముందు సీడీఎన్ (పేజీల కాపీలను చాలా ఊళ్లలో ఉంచి దగ్గరినుంచి అందించే సేవ) పెట్టుకోవడం మేలు. బొమ్మలూ పేజీలూ అటువాళ్లకు అక్కడినుంచే అందుతాయి.

డబ్బు కట్టే దారి కూడా ముందే చూసుకోవాలి. 2021 అక్టోబర్ నుంచి కార్డు ఆటో డెబిట్‌కు మన దగ్గర అదనపు ధ్రువీకరణ నియమాలు వచ్చాయి. విదేశీ కంపెనీలు డెబిట్ పెట్టినప్పుడు బ్యాంకు తిరస్కరించడం చాలామందికి అనుభవమే. సర్వర్ నిక్షేపంగా ఉంటుంది, బిల్లు కట్టలేదని వాళ్లే ఆపేస్తారు. ముందే డబ్బు వేసి ఉంచే వీలున్న కంపెనీ అయితే రెండు మూడు నెలలది వేసేయండి. రూపాయల్లో జీఎస్టీ బిల్లు ఇచ్చే కంపెనీ అయితే వ్యాపారాలకు ఇన్‌పుట్ క్రెడిట్ కూడా కలిసొస్తుంది.

డెడికేటెడ్, ఇంట్లో పెట్టె

మొత్తం కంప్యూటర్ మనకే కావాలంటే డెడికేటెడ్. పెద్ద డేటాబేస్, గేమ్ సర్వర్లు, రోజంతా సీపీయూ తినే పనులు ఉంటే తప్ప దీని జోలికి పోనక్కర్లేదు. డిస్క్ పాడైతే కనిపెట్టి టికెట్ పెట్టేది మనమే. రెయిడ్‌లో (ఒకే డేటాను రెండు చోట్ల ఉంచే అమరికలో) రెండు డిస్కులు లేనిది తీసుకోవద్దు.

ఇంట్లో పాత ల్యాప్‌టాప్‌నో, రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌నో సర్వర్‌గా మార్చొచ్చు, నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి దారి లేదు. అయితే రౌటర్‌లోకి వెళ్లి వ్యాన్ అడ్రసు (ఇంటర్నెట్ వైపు ఉన్న చిరునామా) చూడండి. అది 100.64కూ 100.127కూ మధ్య ఉంటే మీ ఇంటర్నెట్ కంపెనీ ఒకే పబ్లిక్ అడ్రసు వెనక చాలా ఇళ్లను పెట్టిందని అర్థం. బయటినుంచి నేరుగా మీ పెట్టెకు రావడం కుదరదు. ఆ అడ్డును క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్, టెయిల్‌స్కేల్ లాంటి సేవలతో దాటొచ్చు. ఇంట్లో ఫొటోలు, కుటుంబం ఫైళ్లు పెట్టుకోవడానికి ఇది హాయిగా ఉంటుంది. కరెంటు పోయి ఇన్వర్టర్‌కు మారేటప్పుడు పెట్టె ఆరిపోకుండా చిన్న యూపీఎస్ తప్పనిసరి. జనం డబ్బు కట్టే సైటును మాత్రం ఇంట్లో పెట్టకండి.

ట్యాలీ కోసం అయితే

షాపులో ఒకరు, గోడౌన్‌లో ఒకరు, ఆడిటర్ ఒకరు ఒకే ట్యాలీ చూడాలి, అందుకు విండోస్ సర్వర్ కావాలి అని అడిగే వ్యాపారులు ఇప్పుడు ఎక్కువయ్యారు. ఇక్కడ కొలతలు వేరు. విండోస్ సర్వర్‌లో మామూలుగా ఇద్దరు అడ్మిన్లు మాత్రమే ఒకేసారి రిమోట్ డెస్క్‌టాప్‌లోకి (దూరంనుంచి సర్వర్ తెరను వాడే పద్ధతి) రావచ్చు, అదీ నిర్వహణ కోసం. రోజువారీ పనికి అయితే రిమోట్ డెస్క్‌టాప్ లైసెన్సులు మనిషికొకటి కొనాలి. కొటేషన్ అడిగినప్పుడు అవి కలిసి ఉన్నాయో లేదో అడగండి. చాలా చవకగా చెప్పారంటే అవి లేవేమోనని అనుమానించండి.

దూరం ఇక్కడ బాగా తెలుస్తుంది. అంకె కొట్టాక అది తెర మీద కనపడటానికి ఐదో వంతు సెకను ఆగితే రోజుకు రెండు వందల వోచర్లు వేసే గుమాస్తా విసిగిపోతాడు. మన దేశంలో ఉన్న సర్వరే తీసుకోండి, ట్రయల్ అడిగి ఒక పూట అతని చేతే బిల్లులు వేయించి చూడండి, షాపు ప్రింటర్ మీద ఒక ఇన్‌వాయిస్ తీయించండి. ఇక రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389వ పోర్టును ఇంటర్నెట్‌కు తెరిచి వదిలేయొద్దు. పాస్‌వర్డులు ఊహించే ప్రోగ్రాములు రాత్రింబగళ్లు దాన్నే తడుతుంటాయి. లోపలికి దూరాక ఖాతాలన్నీ తాళం వేసి డబ్బు అడుగుతారు. వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ వెనక పెట్టిస్తేనే ఒప్పుకోండి.

ఏది తీసుకున్నా మొదటి రోజు

వీపీఎస్సో క్లౌడో తీసుకుంటే లాంగ్ టర్మ్ సపోర్టు ఉన్న ఉబుంటు, లేదా డెబియన్ ఎక్కించుకోండి. ఎస్‌ఎస్‌హెచ్ కీ (పాస్‌వర్డు బదులు వాడే ఫైలు) పెట్టుకుని పాస్‌వర్డ్ లాగిన్ మూసేయండి. సెక్యూరిటీ అప్‌డేట్లు వాటంతటవే ఎక్కేలా పెట్టండి. ఇదంతా గంట పని.

బ్యాకప్‌కు మాత్రం ఇంకాస్త సమయం పెట్టండి. చాలా వీపీఎస్ కంపెనీల్లో అద్దెలో 20 శాతం అదనంగా కడితే వాళ్లే తీస్తారు. తీసుకోండి, కానీ దాంతో ఆగకండి. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్‌క్లౌడ్ అనే హోస్టింగ్ కంపెనీ డేటా సెంటర్ ఒకటి పూర్తిగా కాలిపోయింది. బ్యాకప్ కూడా అదే ప్రాంగణంలో ఉన్నవాళ్లు రెండూ పోగొట్టుకున్నారు. రోజూ డేటాబేస్ కాపీ ఒకటి వేరే కంపెనీ స్టోరేజీకి వెళ్లాలి, వేరే లాగిన్‌తో.

ఆ కాపీ తిరిగి లేస్తుందో లేదో కూడా చూడాలి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో (ప్రోగ్రాముల కోడ్ దాచుకునే సేవ) ఒక ఇంజనీరు ఒక సర్వర్ అనుకుని ఇంకో దానిలో, అసలు డేటాబేస్ ఫోల్డరును తుడిచేశారు. ఐదు రకాల బ్యాకప్ ఏర్పాట్లున్నా అవసరానికి సరిగా అక్కరకు రాలేదు. ఆరు గంటల ముందు మరో పని కోసం తీసిన స్నాప్‌షాట్ (ఆ క్షణపు డేటా నకలు) ఉండబట్టి తేరుకున్నారు. వాళ్లు దాన్ని దాచకుండా అందరికీ చెప్పారు, మనలాంటివాళ్లకు ఎంతో మేలు చేశారు.

నేను మూడు నెలలకోసారి కొత్త సర్వర్ ఒకటి గంటల లెక్కన తీసుకుని, బ్యాకప్ నుంచి సైటు మొత్తం లేపి, టైము రాసుకుని, దాన్ని తీసేస్తాను. ఖర్చు పది రూపాయలు కూడా కాదు. మొదటిసారి సైటు లేవడానికి 40 నిమిషాలు పట్టింది. డొమైన్ కొత్త చిరునామాకు మారినట్టు కొందరికి మర్నాటి దాకా తెలియలేదు, ఎందుకంటే డొమైన్ పేరుకు చిరునామా చెప్పే డీఎన్‌ఎస్‌లో టీటీఎల్ (పాత చిరునామాను ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే అంకె) 86,400 సెకన్లని పెట్టి ఉంది, అంటే ఒక రోజు. ఇప్పుడది 300.